బడికి రమ్మనే నేను, బడి వద్దనే టిల్బీ

ఎడ్యుకేషన్ వెల్‌ఫేర్ ఆఫీసర్ ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మనవాళ్ళ పిల్లలు ఒకరిద్దరు ఈమధ్య ఇందులోకి వస్తున్నారని విన్నాను. ఉద్యోగం పేరులో చదువు ఉంది, సంక్షేమం ఉంది. పనిలో ఉండేవి తలుపులు. పొద్దున్నే ఎవరిదో ఇంటి తలుపు కొట్టి, మీ పిల్ల బడికి ఎందుకు రావడం లేదని అడగాలి. వాళ్ళు చెప్పే అబద్ధాన్ని మర్యాదగా వినాలి. తర్వాత నిజం చెప్పేదాకా మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. కుక్కలుంటాయి. వాన సరేసరి.

నేను చేసింది లండన్ దక్షిణాన ఒక కౌన్సిల్‌లో, అంటే మన మునిసిపాలిటీ లాంటిది. దాని పేరు మీకు అనవసరం. మా ఇల్లు క్రోయిడన్‌లో. ఈ ప్రాంతంలో పిల్లలు నన్ను స్కూల్ పోలీస్ అనేవాళ్ళు. నా దగ్గర లాఠీ లేదు, విజిల్ లేదు, ఒక గొడుగూ టీషర్టు మీద వేసుకునే కౌన్సిల్ జాకెట్టూ మాత్రం ఉండేవి. జాకెట్టు నా సైజు కాదు.

ఇష్టమా అని ఎవరూ అడగలేదు

ఈ పనికి నేను ఎలాంటి మనసుతో వచ్చానో ముందు చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మాది చీరాల దగ్గర పల్లె. మా అమ్మ పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళేది. నన్నూ వెంట తీసుకెళ్ళేది. ఆకులు కట్టడం నాకు బాగా వచ్చు, మేస్త్రీ మెచ్చుకునేవాడు కూడా. ఒకరోజు మిషన్ హాస్టల్ వార్డెన్ దేవసహాయం మాస్టారు నేరుగా షెడ్డులోకి వచ్చి, మేస్త్రీతో పోట్లాడి, నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. నేను ఏడ్చాను. ఆయన పట్టించుకోలేదు. చదువు నీకు ఇష్టమా అని ఎవరూ నన్ను అడగలేదు. అడిగుంటే వద్దనేవాణ్ణి. ఇవాళ ఇది రాసేవాణ్ణీ కాదు.

ఆ లాక్కెళ్ళడం వల్లే నేను హైస్కూల్లో సోషల్ మాస్టర్నయ్యాను. నా భార్య కరుణకు ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే వెంట వచ్చాను. కొన్నాళ్ళు సెలవు పెట్టిన టీచర్ల బదులు పాఠాలు చెప్పి, చివరికి కౌన్సిల్లో తేలాను. పిల్లల్ని బడికి లాక్కురావడానికి ప్రభుత్వం జీతమిస్తుందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. మా మాస్టారు ఆ పని ఊరికే చేశారు.

హెలెన్

నా పై అధికారి పేరు హెలెన్. మంచి మనిషి. ఎవరి పుట్టినరోజూ మర్చిపోయేది కాదు. చేరిన కొత్తలో ఒక పిల్లవాడికి లెక్కలు ఎందుకు రావడం లేదో కనుక్కుని, పేజీన్నర రిపోర్టు రాసి ఇచ్చాను. ఆమె చివరిదాకా చదివింది.

"చాలా బాగుంది, ప్రభు. కానీ మనది చదువు డిపార్ట్‌మెంట్ కాదు, హాజరు డిపార్ట్‌మెంట్" అంది.

ఆ మాటకు అప్పుడు కోపం వచ్చింది గానీ, ఇన్నేళ్ళలో మా పని గురించి అంత సూటిగా చెప్పినవాళ్ళు ఇంకొకరు లేరు. పిల్లలు గదిలో ఉన్నారా లేదా అన్నదే మా లెక్క. గదిలో ఏం జరుగుతుందో మా పరిధిలోకి రాదు. ఎంత చెప్పినా పిల్ల రాకపోతే తల్లిదండ్రుల మీద కేసు. మేజిస్ట్రేట్ ముందు నిలబడాల్సింది పిల్ల కాదు, తల్లి. దాదాపు ఎప్పుడూ తల్లే. తండ్రులు ఆరోజు ఎక్కడికి పోతారో నాకు ఇప్పటికీ తెలియదు.

చివరి బెంచీ

నార్మన్ టిల్బీని నేను మొదట చూసింది కోర్టులోనే. బడి ఎగ్గొట్టిన కేసులు వచ్చిన ప్రతిసారీ, బయటివాళ్ళు కూర్చునే బెంచీల్లో చివరిదాని మీద ఒక ముసలాయన ఉండేవాడు. మోచేతుల దగ్గర మాసిపోయిన కోటు, చేతిలో పెన్సిల్. వినేవాడు, రాసుకునేవాడు, వెళ్ళిపోయేవాడు. ఒక్క రోజూ మానలేదు. నా సర్వీసులో పూర్తి హాజరున్న మనిషిని ఒక్కణ్ణే చూశాను. అతను బడికి వ్యతిరేకి.

లోకల్ పత్రికలో రిపోర్టరుగా చేసి రిటైరయ్యాడు. పొట్ట కోసం ఆ ఉద్యోగం, మనసు కోసం అనార్కిస్టు పత్రికలకు వ్యాసాలు. ఇప్పుడు తను ఉండే హౌసింగ్ ఎస్టేట్ (కౌన్సిల్ ఫ్లాట్ల కాలనీ) నుంచి నాలుగు పేజీల పత్రిక తెచ్చి ఇంటింటికీ తనే వేస్తాడు. అందులో మా కౌన్సిల్ గురించీ రాస్తాడు. ఒక సంచికలో నన్ను 'మర్యాదస్తుడైన కాపలాదారు' అన్నాడు. కరుణ దాన్ని చదివి, మర్యాదస్తుడన్నాడుగా, సంతోషించండి అంది.

ఒకరోజు కోర్టు మెట్ల దగ్గర వాన తగ్గేదాకా ఇద్దరం చిక్కుకుపోయాం. మా భాషలో అనార్కిజాన్ని ఏమంటారని అడిగాడు.

"అరాచకం అంటాం. ఊరు గందరగోళంగా ఉన్నా, దోపిడీలు జరుగుతున్నా అదే మాట వాడతాం" అన్నాను.

"మీ భాషలో కూడానా?" అని నిట్టూర్చాడు.

అతను చెప్పేది స్థూలంగా ఇది. ప్రభుత్వం మారితే సమాజం మారుతుందని జనం ఎదురు చూస్తారు. ఆ మారిన సమాజం ఇప్పటికే మన మధ్య చిన్న చిన్న ముక్కలుగా ఉంది. పక్కింటావిడ పిల్లల్ని చూసుకోవడం, నిచ్చెన అరువివ్వడం, ఎవరూ చెప్పకుండా వరసలో నిలబడడం. ఆజ్ఞ లేకుండా మనుషులు చేసుకునే ఈ పనులను పెరగనివ్వాలి. బడి దానికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. గంట కొడితే లేవడం, గంట కొడితే కూర్చోవడం, ఒంటికి వెళ్ళాలన్నా చెయ్యెత్తడం. పన్నెండేళ్ళు అనుమతి అడగడం నేర్పి, ఆ తర్వాత స్వతంత్రంగా ఆలోచించమంటే ఎవరు ఆలోచిస్తారు?

వాన తగ్గింది. మీ బస్సు వచ్చిందని చెప్పాను.

గ్రేస్ కూతురు

గ్రేస్‌ది తుని. ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్‌లో పని. భర్త ఊళ్ళోనే ఉండిపోయాడు, వివరాలు నేను అడగలేదు. కూతురు రూతుకు పద్నాలుగేళ్ళు, వచ్చి ఏడాది అవుతోంది. బడి పంపిన హాజరు చూస్తే వారాల తరబడి ఖాళీ. తెలుగు వచ్చినవాణ్ణి నేనే కాబట్టి హెలెన్ కేసు నాకిచ్చింది.

గ్రేస్ తలుపు తీసి నా జాకెట్టు చూసి భయపడింది. తెలుగులో పలకరించాక ఇంకా భయపడింది.

"మా అమ్మాయి రోజూ యూనిఫాం ఏసుకుని వెళ్తందండి అంకుల్. నేనే జడేసి పంపుతున్నానండి" అంది.

"బడికి చేరడం లేదమ్మా."

ఆమె కుర్చీ పట్టుకుని కూర్చుంది. కేసు పడితే ఏమవుతుందని అడిగింది. చెప్పాను. రుజువైతే రికార్డులో ఉంటుంది. కేర్ హోమ్‌వాళ్ళు చూసినా చూడొచ్చు. వీసా పొడిగించేటప్పుడు అడిగినా అడగొచ్చు. అబద్ధం చెప్పి ధైర్యమివ్వడం మన పని కాదు. ఆమె ఏడవలేదు. డ్యూటీల రోటా ఫోనులో చూసుకుని, మర్నాడు పొద్దున తనకు సెలవే, అప్పుడు రండి అంది.

మర్నాడు రూతు జడలతో, యూనిఫాంతో సిద్ధంగా ఉంది. సన్నటి పిల్ల. నన్ను చూసి కంగారు పడలేదు.

"ఎక్కడికి వెళ్తున్నావమ్మా రోజూ?"

వాళ్ళమ్మ వైపు చూసి, "మీరిద్దరూ రండి అంకుల్. చూపిస్తాను" అంది.

ఎందుకు రాలేదని అడగని గది

ట్రామ్ ఎక్కి నాలుగు స్టాపులు వెళ్ళాం. దారిలో నెమ్మదిగా చెప్పింది. క్లాసులో నోరు విప్పితే వెనకనుంచి తన యాసను అనుకరిస్తారు. అందుకని టీచర్ అడిగినా మాట్లాడడం మానేసింది. జవాబివ్వకపోవడం ధిక్కారమట. ధిక్కారానికి ఐసొలేషన్ రూమ్. అంటే ఒక్కత్తే గోడకేసి కూర్చుని, ఇచ్చిన కాగితాలు నింపడం. ఇంగ్లీషు సరిగా లేదని లెక్కల్లో కూడా ఆఖరి గ్రూపులో వేశారు.

"అక్కడ భిన్నాలు చెప్తున్నారు అంకుల్. నేను తునిలో ఆల్జీబ్రా చేశాను."

ఎస్టేట్ కమ్యూనిటీ సెంటర్లో ఒక పెద్ద గది. తలుపు బార్లా తీసి ఉంది. పొడుగాటి బల్ల చుట్టూ ముగ్గురు పెన్షన్ వయసు ఆంటీలు కాగితాలు మడతపెడుతున్నారు. బల్ల చివర టిల్బీ.

"కాపలాదారు వచ్చాడు" అన్నాడు. తర్వాత వెనక గ్రేస్ ముఖం చూసి, ఆ వేళాకోళం ఆపేశాడు.

రూతు చలికి ఆగలేక ఒకరోజు లోపలికి వచ్చిందట. బడికి ఎందుకు వెళ్ళలేదని ఎవరూ అడగలేదు. కాగితాలు మడతపెడతావా అన్నారు. పెట్టింది. తర్వాత పై అంతస్తుల్లో ఎవరెవరికి లిఫ్టు చెడిపోవడం వల్ల కష్టంగా ఉందో కనుక్కొస్తావా అని ఒక ఆంటీ అడిగింది. వెళ్ళింది. తలుపులు కొట్టి అడగాలంటే ఇంగ్లీషు మాట్లాడక తప్పదు. పైన ఉన్న ముసలివాళ్ళకు చెవులు సరిగా వినిపించవు గనక యాసను ఎవరూ వెక్కిరించలేదు. ఆమె రాసింది పత్రికలో వచ్చింది. అది చదివి కింది అంతస్తు కుర్రాళ్ళు పైవాళ్ళకు సరుకులు మోస్తున్నారు. లిఫ్టు మాత్రం బాగవలేదు.

గ్రేస్ ఆ పత్రిక అందుకుని కూతురి పేరు దగ్గర వేలు పెట్టి చూసింది. నాకు మాత్రం కోపం వచ్చింది. టిల్బీని వరండాలోకి పిలిచాను.

"ఈ పిల్ల బడి ఎగ్గొట్టి వస్తోందని మీకు తెలుసు. తల్లి మీద కేసు పడుతుందనీ తెలుసు. కోర్టులో ఎన్నిసార్లు చూశారు! ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"నేను రమ్మనలేదు, వెళ్ళమనీ అనలేదు. నేర్చుకుంటోంది. మీరే చూశారుగా. నేను పదిహేనేళ్ళకు బడి మానేశాను. నాకేం కాలేదు."

"మిమ్మల్ని ఆ వయసులో ఒక పత్రికాఫీసు తీసుకుంది. ఇవాళ సర్టిఫికెట్టు లేని తుని పిల్లను ఎవరు తీసుకుంటారు? మీకు తెరుచుకున్న తలుపులు అందరికీ తెరుచుకునే ఉన్నాయనుకుంటున్నారు. అదే మీ సిద్ధాంతంలో ఉన్న లోపం."

దేవసహాయం మాస్టారి సంగతి కూడా చెప్పాను. పొగాకు షెడ్డు, మేస్త్రీ, నా ఏడుపు, అన్నీ. నిర్బంధం మీకు సంకెల అయితే కావచ్చు, నన్ను విడిపించింది అదేనన్నాను.

అతను పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు.

"మీ మాస్టారు కౌన్సిల్ ఉద్యోగా?" అన్నాడు.

"కాదు."

"ఎవరైనా పంపించారా?"

"లేదు. ఆయనే వచ్చారు."

"ఆహా" అన్నాడు. కాగితాల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళేదాకా ఆ ఆహా నన్ను చికాకు పెట్టింది.

మెడలో తాడు

కోర్టుకు పంపే ముందు బడిలో ఒక ఆఖరి మీటింగు ఉంటుంది. కొత్తగా వచ్చేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఈ మీటింగు గురించే. దాన్ని మొక్కుబడిగా జరపొద్దు. అక్కడ తేలకపోతే తర్వాత తేల్చేది చట్టమే, చట్టానికి పిల్ల పేరు కూడా సరిగా పలకడం రాదు.

రూతు ఎస్టేట్‌లో చేసిన పని గురించి చెప్పడానికి ఎవరైనా ఉండాలనిపించి టిల్బీని అడిగాను. తను బడి గుమ్మం తొక్కి అరవై ఏళ్ళు దాటిందన్నాడు. మీ ఇష్టం, నిర్బంధం లేదన్నాను. వచ్చాడు.

రిసెప్షన్లో విజిటర్ కార్డు మెడలో వేసుకోమన్నారు. అతను ఆ తాడు వైపు చూశాడు.

"వేసుకోకపోతే?"

"లోపలికి పంపరు సర్" అంది ఆ అమ్మాయి.

వేసుకున్నాడు. తర్వాత రెండు సంచికల దాకా దాని గురించే రాశాడు.

మీటింగులో హెడ్ టీచర్, హెలెన్, గ్రేస్, రూతు, మేమిద్దరం. హెడ్ టీచర్ చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. హాజరు చదివాడు. హెలెన్ కోర్టు తేదీ గురించి మాట్లాడింది. గ్రేస్ బ్యాగును ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. టిల్బీ నోరు విప్పబోతున్నాడు. అతను మొదలుపెడితే చర్చ సమాజ నిర్మాణం దాకా పోతుందని నాకు తెలుసు.

"ముందు రూతు ఏమంటుందో విందాం. నీకేం కావాలమ్మా?" అన్నాను.

అందరూ కాగితాలు చూసుకున్నారు. ఆ ప్రశ్న ఎవరి కాగితాల్లోనూ లేదు.

రూతు ఇంగ్లీషులోనే చెప్పింది, ఆగి ఆగి. "నాకు లెక్కల పరీక్ష పెట్టండి. పైగ్రూపుకు సరిపోతే అందులో వేయండి. సరిపోకపోతే ఉన్న గ్రూపులోనే ఉంటాను. నేను జవాబు చెప్పకపోతే నాకు రాదనుకోండి, పర్లేదు. ధిక్కారం అనుకోవద్దు."

హెడ్ టీచర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పరీక్ష పెడదామన్నాడు. ఐసొలేషన్ రూమ్ సంగతి అడిగితే, అది బడి నియమం, మార్చడం తన ఒక్కడి చేతుల్లో లేదన్నాడు. హెలెన్ కేసును కొన్ని వారాలు వాయిదా వేసింది. నెమ్మదిగా నాతో, ఇది హాజరు మీటింగులా లేదు ప్రభు, అంది.

టిల్బీ మొత్తం మీటింగులో ఒక్క మాట మాట్లాడలేదు. బయటికి వచ్చాక, మీకు కోపమా అని అడిగాను.

"లేదు. తన కాళ్ళ మీద తను లోపలికి వెళ్తోంది. అందులో నాకు అభ్యంతరం ఏముంటుంది?" అన్నాడు. అభ్యంతరం ఉన్నట్టే ఉంది ముఖం.

హాజరు ఎక్కువైంది

రూతు పరీక్ష రాసి లెక్కల్లో పైగ్రూపుకు వెళ్ళింది. రోజూ బడికి వెళ్తోంది. కేసు మూసేశారు. సాయంత్రాలు ఎస్టేట్ గదికి వెళ్తోందని గ్రేస్ చెప్పింది. నేను ఇంకో తలుపు, ఇంకో కుక్క దగ్గరికి వెళ్ళిపోయాను.

కొన్ని నెలల తర్వాత హెడ్ టీచర్ నాకు ఫోను చేశాడు. గొంతు వింతగా ఉంది.

"మిస్టర్ దాస్, మాకొక సమస్య వచ్చింది. పిల్లలు మరీ ఎక్కువ హాజరవుతున్నారు."

అర్థం కాలేదన్నాను.

విషయమేమిటంటే, సోమాలియా నుంచి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయిని ఐసొలేషన్ రూమ్‌లో కూర్చోబెట్టారు. లంచ్ టైములో రూతు వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. మాట్లాడలేదు, గొడవ చేయలేదు, పుస్తకం తీసి లెక్కలు చేసుకుంది. మర్నాడు ఇంకొకర్ని పంపితే రూతుతోపాటు మరో ముగ్గురు వెళ్ళి కూర్చున్నారు. వారం తిరిగేసరికి ఎవర్ని పంపినా గది నిండిపోతోంది. వెనకనుంచి యాసను వెక్కిరించిన పిల్లలు కూడా అందులో ఉన్నారట, సరదాకో, మరెందుకో. వాళ్ళను శిక్షిద్దామంటే, ఐసొలేషన్ రూమ్‌లో కూర్చున్నందుకు శిక్ష ఏం వేయాలో నియమాల్లో లేదు.

"నన్నేం చేయమంటారు?" అన్నాను.

"మీరు హాజరు అధికారి కదా" అన్నాడు పాపం.

హాజరు తక్కువైతే నాకు అధికారం ఉంది గానీ ఎక్కువైతే లేదని చెప్పాను. తర్వాత ఆ గదిని ఆటల సామాను పెట్టుకోవడానికి ఇచ్చేశారు. నియమం మార్చలేదు. గది లేదు కాబట్టి నియమం ఊరికే ఉండిపోయింది.

కొత్తగా చేరేవాళ్ళకు ఇక్కడ నా అభిప్రాయం చెప్పేస్తాను. నేను ఇప్పటికీ నిర్బంధ విద్యనే సమర్థిస్తాను. ఎవరూ లాక్కురాకపోతే నాలాంటివాళ్ళు షెడ్డుల్లోనే ఉండిపోతారు. కానీ లాక్కొచ్చి ఎక్కడ కూర్చోబెడుతున్నామో చూడకపోతే, మేస్త్రీకీ మనకూ తేడా జాకెట్టే. చదువు వల్ల సమాజం మారుతుందని నేను నమ్ముతాను. మారుస్తున్నది బడేనని మాత్రం ఇప్పుడు గట్టిగా అనలేను. పిల్ల ఎందుకు రావడం లేదన్న ప్రశ్నతోపాటు, వస్తే ఏం దొరుకుతుందన్న ప్రశ్న కూడా వెంట తీసుకెళ్ళండి. హెలెన్ లాంటివాళ్ళు అది మన డిపార్ట్‌మెంట్ కాదంటారు. వినండి, తలూపండి, వెళ్ళి అడగండి.

గ్రేస్ ఇంట్లో

ఆ గది మూసేశాక గ్రేస్ టిల్బీనీ నన్నూ ఒక ఆదివారం సాయంత్రం టీకి పిలిచింది. ఆమె పులిబొంగరాలు వేసింది. టిల్బీ వాటిని ఒకటొకటిగా, ఏ సిద్ధాంతమూ చెప్పకుండా తిన్నాడు. రూతు పక్క గదిలో హోంవర్కు చేసుకుంటోంది.

నాకు అడగాలనే ఉంది. "ఆ గదిలోకి వెళ్ళి కూర్చోవడం, అది మీరు నేర్పిందే కదా?" అన్నాను టిల్బీతో.

"నేనా? లేదు. పత్రికలో రాయమని రూతును అడిగితే, రాయడానికేమీ లేదంది. మీరు చెప్పారనుకున్నాను."

"నేను కౌన్సిల్ ఉద్యోగిని. అలాంటివి చెప్తానా?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇన్నాళ్ళూ ఆ ఘనత అవతలివాడిదని ఇద్దరం కొంచెం కుళ్ళుకుంటున్నాం.

గ్రేస్ కెటిల్ పట్టుకుని వచ్చింది. ఇంగ్లీషులోనే అంది, టిల్బీకి కూడా తెలియాలని. "మా ఊళ్ళో ఎవరింట్లోనైనా మనిషి పోతే, ఆ ఇంటివాళ్ళను ఒంటరిగా ఉండనివ్వం సర్. వెళ్ళి కూర్చుంటాం. ఏం మాట్లాడక్కర్లేదు. పక్కన కూర్చుంటాం, అంతే. మా అత్తగారు పోయినప్పుడు ఊరంతా వచ్చి మా వాకిట్లో కూర్చున్నారు. మా రూతుకప్పుడు ఏడేళ్ళు. అది చూసుంటది."

టిల్బీ కప్పు కింద పెట్టాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి, పచ్చిమిరపకాయ వల్ల కూడా కావచ్చు.

"నేను నలభై ఏళ్ళుగా రాయాలని చూస్తున్నది ఇదే, గ్రేస్" అన్నాడు.

గ్రేస్ నా వైపు తిరిగి తెలుగులో, "ఇందులో రాయడానికేముందండి అంకుల్?" అని, అతని కప్పులో ఇంకొంచెం టీ పోసింది.